ఐదో క్లాసు పిల్ల వున్న ఇల్లు

పెళ్ళీడుకొచ్చిన పిల్ల వున్న ఇల్లు ఎలా వుండేదో మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. వచ్చిన చుట్టమల్లా ఒక సంబంధం మాట చెవిన వేసి పోతాడు. తల్లికి నిద్ర పట్టదు. తండ్రి పాత కవర్ల వెనక లెక్కలు వేసుకుంటాడు. పిల్ల మటుకు ఇదంతా తన గురించి కానట్టు పెరట్లో జామచెట్టెక్కి కూర్చుంటుంది. ఇప్పుడా హడావుడంతా ఐదో క్లాసు పిల్ల వున్న ఇంటికి వచ్చి చేరింది. మా విడవలూరులో ఏ వీధిలోకి వెళ్ళినా సరే, గోడకు ఎక్కాల పటం తగిలించి, దీపాల వేళకే పదేళ్ళ పిల్లను పుస్తకం ముందు కూలేసిన ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. మనం అడగనక్కర్లేదు. "నవోదయకు రాస్తా ఉండాది" అని వాళ్ళే చెబుతారు.

నేను ముప్ఫై ఏళ్ళు ఎలిమెంటరీ బళ్ళో పంతులమ్మగా చేసి, ఇప్పుడు ఇంటిపట్టున కూర్చున్నదాన్ని. అందుచేత దరఖాస్తుల కాలం వచ్చిందంటే మా అరుగు ఖాళీగా వుండదు. దరఖాస్తుకు రుసుము లేదు. అంతా కంప్యూటరులోనే నింపాలి గనక నెట్ సెంటరు అబ్బాయికి ఇచ్చుకునేది మాత్రం ఇచ్చుకోవాలి. హెడ్మాస్టరుగారి ధ్రువపత్రం కావాలి, పిల్ల సంతకం కావాలి, తండ్రిదో తల్లిదో సంతకం కావాలి. పిల్ల పొట్టి పేరు రాసిందా, ఇంటిపేరుతో రాసిందా అన్నదాని మీద రెండిళ్ళలో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేసిన సంగతి నాకు తెలుసు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. జవహర్ నవోదయ విద్యాలయాలు 1986 జాతీయ విద్యావిధానంతో వచ్చినవి. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లోనూ, మహారాష్ట్రలోని అమరావతిలోనూ ముందుగా రెండు తెరిచి చూశారు. ఆ తరువాత జిల్లాకొకటి చొప్పున దేశమంతటా ఆరువందల పైచిలుకు అయినాయి. తమిళనాడు మటుకు వద్దన్నది. విధానం వచ్చిన నాడు ఢిల్లీలో ఆ శాఖ చూసిన మంత్రి మన పి. వి. నరసింహారావుగారు. ఆయనే 1971లో ఇక్కడ ముఖ్యమంత్రిగా వుండగా నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టారు. మరుసటి ఏడు గుంటూరు జిల్లా తాడికొండలోనూ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలోనూ పెట్టారు. పల్లెటూరి పిల్లల్లో చురుకైన వాళ్ళను ఏరి, ఒకచోట వుంచి, తిండీ బట్టా పుస్తకాలూ ఇచ్చి చదివించాలన్నది ఆ ఆలోచన. మన నెల్లూరు జిల్లా నవోదయ మర్రిపాడు మండలం కృష్ణాపురంలో వుంది. మేము సముద్రం ఒడ్డున వుంటే అది ఆత్మకూరు కూడా దాటి, పడమటి మెట్టలో, జిల్లాకు ఆ చివర వుంది.

సీట్లు 80కి మించవు. ఐదు చదివేవాళ్ళే ఆరో తరగతికి రాయాలి, అదీ ఈ జిల్లాలో చదువుతున్న వాళ్ళే. వయసు పదికీ పన్నెండుకీ నడుమ వుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కసారే రాయాలి. ఈ ఏడు రాకపోతే మళ్ళీ ఏడు చూద్దామనడానికి లేదు. చూశారా మరి, పెళ్ళిచూపులకన్నా కష్టం!

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక కుటుంబం వుంది. ఆయనకు రొయ్యల మేత అమ్మే కొట్లో లెక్కలు రాసే ఉద్యోగం. ఆమె ఇంటరు చదివింది. ఒక్కతే కూతురు. పిల్ల చురుకైనదే, చూసినవాళ్ళకెవరికైనా ముచ్చట వేస్తుంది. పిల్ల మూడో క్లాసు పూర్తిచేసిన వేసవిలో ఆమె మా ఇంటికి వచ్చింది.

"పెద్దమ్మా, బిడ్డను నాలుగో క్లాసుకు నెల్లూరులో చేర్చాలనుకుంటా ఉండాం. మా చెల్లెలింట్లో పెడతాం. ఈడ ఉంటే నవోదయ రాదంట గదా?"

"ఎవరు చెప్పారమ్మా?"

"అందరూ చెప్తా ఉండారు పెద్దమ్మా. ఆడ కోచింగు ఉండాది. తెల్లవారి ఐదింటికే లేపతారంట."

ఐదింటికి లేపడానికి నెల్లూరు దాకా ఎందుకు, మా ఊళ్ళో కోళ్ళు లేవూ అనబోయి ఊరుకున్నాను. కళ్ళద్దాలు తెచ్చుకుని, కిందటేటి ప్రకటన తీసి, ఆ నిబంధన ఆమెకు చదివి వినిపించాను. ఇది చదివే తల్లితండ్రులు కూడా ఒకటికి రెండుసార్లు చదువుకుంటే మంచిది. సీట్లలో కనీసం నూటికి 75 పల్లెటూరి పిల్లలకు. అంటే 80లో 60. ఆ పల్లెటూరి లెక్కలోకి రావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పల్లెటూరి బడిలోనే పూర్తిగా చదివి వుండాలి. ఆ మూడేళ్ళలో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా సరే, ఆ పిల్ల పట్నం పిల్ల కిందే లెక్క. ఆడపిల్లలకు మూడో వంతు సీట్లు తక్కువ కాకుండా ఇస్తారు. అది వేరే సంగతి.

ఆమె ఆ ముక్క మూడుసార్లు చదివింది. "అంటే... దీనికోసమని తీసకపోతే, తీసకపోయినందుకే పోతాదా?" అన్నది.

అంతే మరి. పల్లెటూరి పిల్లకోసం తెరిచిన తలుపును, పిల్ల మీద ప్రేమతోనే, మనమే వేసి వస్తాం. ఎందరో చేస్తున్నారీ పని. అందులో ఎవరి చెడ్డతనమూ లేదు. బాగుపడడమంటే ఊరు విడిచిపెట్టడమని మూడు తరాలుగా మన నరాల్లో జీర్ణించుకుపోయింది. మా ఊరినుంచి నెల్లూరుకు, నెల్లూరునుంచి మద్రాసుకో హైదరాబాదుకో, అక్కడినుంచి అమెరికాకు. అమెరికా వెళ్ళినవాళ్ళు సుఖపడ్డారా అంటే అక్కడా ఇదే గొడవ. న్యూయార్కు నగరంలో ప్రతిభగల పిల్లల క్లాసుల్లో చేర్చడానికి నాలుగేళ్ళ పసివాళ్ళకు పరీక్ష పెట్టేవారు, ఆ పరీక్షకు మళ్ళీ కోచింగు! 2021లో గాని ఆ పరీక్ష ఆగలేదు. నాలుగేళ్ళప్పుడు మా పిల్లలకు ముక్కు చీదుకోవడం కూడా సరిగ్గా వచ్చేది కాదు.

పిల్ల విడవలూరులోనే వుండిపోయింది. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చోబెట్టమన్నారు. సరేనన్నాను. రెండోనాటికి దానితోపాటు దాని క్లాసు పిల్లవాడు కూడా వచ్చి కూర్చున్నాడు. వాడి తండ్రి సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. తల్లి నాట్లకూ కోతలకూ పోతుంది. వాణ్ణి ఎవరూ పంపలేదు, తనే వచ్చాడు. "నేను గూడా రాస్తా టీచరమ్మా" అన్నాడు. వద్దనడానికి నేనెవరిని?

పరీక్ష ఎలా వుంటుందో చెబుతాను. 2 గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. తెలుగులోనే రాయవచ్చు. తప్పు రాసినందుకు మార్కులు కొయ్యరు గనక దేన్నీ వదిలిపెట్టి రాకూడదు. లెక్కలు 20, భాష 20. లెక్కలంటే కసాగు, గసాభా, భిన్నాలు, లాభనష్టాలు, వడ్డీ. భాషంటే నాలుగు చిన్న పేరాలు, ఒక్కొక్కదాని కింద ఐదు ప్రశ్నలు. కంఠతా పెట్టవలసింది ఏమీ లేదు. తక్కిన 40 ప్రశ్నలు, అంటే మార్కుల్లో సరిగ్గా సగం, బొమ్మలు. నాలుగింటిలో కలవనిది ఏది? ఈ బొమ్మను అద్దంలో చూస్తే ఎలా వుంటుంది? కాగితాన్ని ఇలా మడిచి, ఇక్కడ చిల్లి పొడిచి, విప్పితే చిల్లులెక్కడ కనిపిస్తాయి? ఈ గజిబిజిలో ఆ చిన్న బొమ్మ ఎక్కడ దాక్కున్నది?

ఈ బొమ్మలకోసం అమ్మే లావుపాటి పుస్తకాలు నేనూ తిరగేశాను. ఒకటి చాలు. నా మటుకు నేను చేసిందేమిటంటే, పాత న్యూస్‌పేపర్లు, ఒక దబ్బనం, మా ఆయన గడ్డం గీసుకునే అద్దం వాళ్ళ ముందు పెట్టాను. ముందు చెప్పాలి, తరవాత మడవాలి, పొడిచి విప్పి చూసుకోవాలి. పిల్ల ముగ్గుల్లో ఆరితేరినది, తప్పిపోయిన గీతను చూడగానే పట్టేసేది. వాడు కాగితం మడతల్లో మొనగాడు. గుంటల గట్టున కూర్చుని పడవలు చేసి చేసి వాడి వేళ్ళకు ఆ లెక్క వచ్చేసింది. లెక్కల్లో పిల్లది పైచెయ్యి. తెలుగులో ఇద్దరూ అంతంతమాత్రమే. రోజూ న్యూస్‌పేపరులో ఒక వార్త పైకి చదివించి, "ఇందులో ఏముందో నీ మాటల్లో చెప్పు" అనేదాన్ని. నిజానికి భాషకు అంతకన్నా చెయ్యవలసింది నాకు కనిపించదు. ఎనిమిదింటికల్లా ఇంటికి పంపేసేదాన్ని. పదేళ్ళ పిల్లకు నిద్రకన్నా మంచి కోచింగు లేదు.

పరీక్షనాడు ఉదయం పదకొండున్నర మొదలు ఒకటిన్నర దాకా ఆ హైస్కూలు గేటు బయట చూడవలసింది లోపలి పరీక్ష కాదు, బయటిది. తండ్రులు చెట్టుకింద చేరి, ఎవరి పిల్ల ఎన్ని మాదిరి పేపర్లు చేసిందో ఒకరి నొకరు గుచ్చి గుచ్చి అడుగుకుంటారు. తల్లులు టిఫిను కారియర్లు ఒళ్ళో పెట్టుకుని తీర్థానికి వచ్చినట్టు కూర్చుంటారు. పిల్లలు బయటికి రావడమే తడవు, "ఎన్ని కరెక్టు?" అనే ప్రశ్న. మా పిల్లవాడిని అడిగినవాళ్ళెవరూ లేరు. వాడి తల్లి ఆ వేళ నాట్లలో వుంది. వాడు నేరుగా నా దగ్గరికి వచ్చి, "చిల్లుల లెక్కలు నాలుగూ చేసేశా" అని చెప్పి, కుళాయి దగ్గరికి పరుగెత్తాడు.

ఫలితాలు వచ్చేసరికి నెలలు పట్టింది. రోల్ నంబరూ పుట్టినతేదీ కొట్టి చూసుకోవాలి. పిల్లవాడికి వచ్చింది. పిల్లకు రాలేదు.

ఆ రెండు రోజులూ ఆ ఇంటి తలుపు తీయలేదు. చావుకబురు వచ్చిన ఇల్లయినా పదిమందికి తలుపు తీస్తుంది. మూడోనాడు పిల్ల ఒక్కతే మా ఇంటికొచ్చి, వంటింటి గడప మీద కూర్చుని, కాసేపు గోరు గిల్లుకుని, "అవ్వా, నాకు తెలివి తక్కువా?" అని అడిగింది.

ఇటువంటప్పుడు "లేదమ్మా, బంగారు తల్లివి" అని ముద్దుపెట్టుకుంటే పిల్లలు నమ్మరు. నాకు తెలిసిన సంగతి చెప్పాను. తెలివిని కొలిచే పరీక్షను 1905లో పారిస్ పట్నంలో ఆల్ఫ్రెడ్ బినే అనే ఆయన తయారుచేశాడు. ఎవరు గొప్పవాళ్ళో తేల్చడానికి కాదు, బడిలో వెనకబడిన పిల్లల్లో ఎవరికి ఎక్కువ సాయం కావాలో తెలుసుకోవడానికి. సముద్రాలు దాటి అమెరికాకు పోయేసరికి అది తలకిందులైంది. కాలిఫోర్నియాలో టెర్మన్ అనే ప్రొఫెసరు 1921లో మొదలుపెట్టి, ఆ పరీక్షతోనే పదిహేనువందల మంది మహా తెలివైన పిల్లలను ఏరి, వాళ్ళు పెద్దవాళ్ళై ఏమవుతారో కనిపెడుతూ కూర్చున్నాడు. వాళ్ళు బాగానే పైకి వచ్చారు. కానీ మార్కులు చాలవని ఆయన వదిలేసిన పిల్లల్లో ఇద్దరికి, షాక్లీకి 1956లోనూ, ఆల్వరెజ్‌కు 1968లోనూ, ఫిజిక్సులో నోబెల్ బహుమతి వచ్చింది. ఏరుకున్న వాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

పిల్ల అంతా విని, "వాళ్ళు గూడా ఏడ్చారా?" అన్నది. ఏడ్చే వుంటారన్నాను. దానికి అదే ఎక్కువ నచ్చినట్టుంది.

ఇంతకూ ఇందులో నేను ఎదురుచూడని చిక్కు ఆ ఇంట్లో కాదు, సీటు వచ్చిన ఇంట్లో వచ్చింది. సీటు వస్తే పండగ అనుకుంటాం. ఆ పిల్లవాడి తల్లి సాయంత్రం పనినుంచి అట్లాగే, కాళ్ళ బురద కూడా కడుక్కోకుండా వచ్చి, అరుగు కింద నిలబడింది.

"టీచరమ్మా, వాణ్ణి పంపించను. వానికి రాత్రి చీకటంటే భయం. గుంటల కాడ తెల్లార్లూ లైట్లు ఎలగతా ఉంటాయి, ఆ చప్పుడు లేకపోతే నిద్రపోడు."

వెనకనే వాడి జేజి. "పదేండ్ల బిడ్డను యాడికో తోలేసి అన్నం ఎట్టా తినేది?" అని ఆమె కళ్ళొత్తుకుంటున్నది.

నాకు జవాబు తోచలేదని చెప్పను, రెండు జవాబులు తోచినాయి. ఆరునుంచి పన్నెండు దాకా ఏడేళ్ళ చదువు, వసతి, భోజనం, బట్టలు, పుస్తకాలు ఉచితం. ఆ ఇంటికి అది ఎంత భాగ్యమో నాకు తెలుసు. తొమ్మిదినుంచి నెలకు 600 రూపాయల విద్యాలయ వికాస నిధి వున్నా, ఆడపిల్లలకూ, షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకూ, దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళకూ అది లేదు. ఇది ఒక వైపు. పదేళ్ళ పిల్లవాడు ఏడేళ్ళపాటు సెలవులకు మాత్రమే తల్లికి కనిపిస్తాడు. అదీగాక తొమ్మిదో తరగతిలో నూటికి 30 మందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల నవోదయకు పంపుతారు, అక్కడివాళ్ళు ఇక్కడికి వస్తారు. దేశమంతా ఒకటని పిల్లలకు తెలియాలని పెట్టిన ఏర్పాటది. మంచిదే. కానీ నాట్లు వేసే తల్లికి మ్యాపులో వేలుపెట్టి చూపిస్తే అది మంచిదిగా కనిపిస్తుందా? ఇది రెండోవైపు. సీటు తెచ్చుకోవడానికి మనకు పుస్తకాలున్నాయి, కోచింగులున్నాయి. వచ్చిన సీటుకు పిల్లను పంపడం ఎట్లాగో నేర్పే పుస్తకం నేనైతే ఎక్కడా చూడలేదు.

"పంపమనీ వద్దనీ నేను చెప్పను. మీరిద్దరూ వాణ్ణి తీసుకుని ఒకసారి పోయి ఆ బడి చూసి రండి" అన్నాను. రాత్రి కాపలా వదిలితే ఒకనాటి కూలి పోతుంది. అయినా పోయారు. నెల్లూరు దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఆత్మకూరు వైపు మరొకటి. తిరిగొచ్చాక ఆమె అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఎట్లా వుందమ్మా?"

"ఆడ గాలికి ఉప్పు లేదు టీచరమ్మా" అన్నది. తరవాత, "పిల్లోళ్ళు వరసగా కూసోని అన్నం తింటా ఉండారు. ఒకడు మావాణ్ణి పిలిచి పక్కన కూసోమన్నాడు. వీడు కూసున్నాడు. నా దిక్కు సూళ్ళేదు."

వాణ్ణి అడిగాను, భయం లేదా అని. "వరండాలో లైటు రాత్రంతా ఉంటాదంట. అడిగినా" అన్నాడు. తల్లీ తండ్రీ ఎవరికీ అడగాలని తోచని మాట వాడే అడిగి వచ్చాడు. ఆ మాటతో జేజి కూడా మెత్తబడింది.

ఇక సామాను. జాబితా చూస్తే తాళం పెట్టె కావాలి. ఇక్కడ నాలుగిళ్ళ అవతల సంగతి చెప్పాలి. మా ఊళ్ళో ఎవరికీ తెలియదుగానీ, ఆ పిల్ల తండ్రి ఫలితాలు రాకముందే, ధీమాగా, నెల్లూరునుంచి నీలంరంగు ట్రంకుపెట్టె తెచ్చి మంచం కింద పెట్టాడు. ఆ పెట్టె ఎదురుగా వుంటే ఆ ఇంట్లో అన్నం సయించేది కాదట. ఒకనాడు మధ్యాహ్నం పిల్ల తల్లి ఆ పెట్టె తలమీద పెట్టించుకుని, గుంటల దారినే నడిచి వెళ్ళి, ఆ పిల్లవాడి గుడిసెలో దించి వచ్చింది. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదట. ఆమె నాతో ఆ మాట చెప్పలేదు, ఆ పిల్లవాడి జేజి చెప్పింది. అంత పనికి ఆమె మనసులో ఎంత నలిగిందో నేనూహించుకోగలను. ఆ మర్నాటినుంచి ఆ ఇంటి తలుపు మామూలుగా తెరిచే వుంటున్నది.

పిల్లవాడు జూలైలో వెళ్ళాడు. దసరాకు వచ్చాడు. ఒళ్ళు చేశాడు, మాట కాస్త పైకి పోయింది. మా అరుగు మీద కూర్చుని తన క్లాసులో వున్న పడమటి ఊళ్ళ పిల్లలకు రొయ్య ఎలా వుంటుందో తెలియదని వింతగా చెప్పాడు.

పిల్ల ఇక్కడే ఊళ్ళో హైస్కూల్లో ఆరో క్లాసులో చేరింది. సాయంత్రాలు మా అరుగుకు రావడం మానలేదు. మానమని నేనూ అనలేదు. మొన్న అడిగింది: "అవ్వా, ఎనిమిదిలో మళ్ళీ పరీక్ష ఉండాదంట గదా?" వుంది. ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు నవోదయలో తొమ్మిదో తరగతిలో ఖాళీ పడ్డ సీట్ల కోసం వేరే పరీక్ష వుంది. అది కాక ప్రభుత్వ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలకు, ఇంటి రాబడి హద్దు దాటకపోతే, నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్పు పరీక్ష వుంది. వస్తే నాలుగేళ్ళపాటు ఏడాదికి 12,000 రూపాయలు. ఇది చదివే తల్లులు ఆ రెండిటినీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

"బొమ్మలుంటాయా?" అన్నది.

నవోదయ తొమ్మిదో తరగతి పరీక్షలో బొమ్మలుండవు, లెక్కలకూ సైన్సుకూ చెరి 35 మార్కులు, ఇంగ్లీషుకూ హిందీకీ చెరి 15 అని చెప్పాను. హిందీ మాట వినగానే లేచి ఇంటికి పరుగెత్తి, ఆరో క్లాసు హిందీ వాచకం పట్టుకొచ్చింది. నాకు హిందీ రాదు తల్లీ అన్నాను.

"ఇంకా రెండేండ్లు ఉండాయి గదా అవ్వా" అని పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టింది.